మేనరికం చేయొచ్చా? ఒక బైపోలార్ కేసులో వంశవృక్షం మార్చిన నిర్ణయాలు

ఇది ఒక్క మనిషి కథ కాదు. హైదరాబాద్ క్లినిక్కుల్లో తరచూ ఎదురయ్యే కుటుంబాల వివరాలను కలిపి, ఆనవాళ్లు మార్చి రాసిన కేసు. మోతాదులు, పరీక్షలు, రిస్కు అంచనా వేసే పద్ధతి మాత్రం రోజూ ఆచరణలో ఉన్నవే.

కేసు

అమ్మాయికి 23 ఏళ్లు. సూర్యాపేట వైపు కుటుంబం, ఉండేది కూకట్‌పల్లిలో. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా క్లయింటు కోసం సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా షిఫ్టు. తల్లి, తండ్రి, మేనమామ వెంట వచ్చారు. చేతిలో పాత ప్రిస్క్రిప్షన్ ఒకటి, ఉమ్మి నమూనా పంపి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న జీన్ రిపోర్టు ఒకటి. రిపోర్టులో బైపోలార్ (దిగులుతో కుంగిపోయే డిప్రెషన్, నిద్రే అక్కర్లేనంత హుషారు తెచ్చే మేనియా విడతలు విడతలుగా వచ్చే జబ్బు) పేరు పక్కన ‘అధిక రిస్కు’ అని ఎర్రరంగులో ఉంది. మందుల సంగతి వాళ్లెవరూ అడగలేదు. “మా అన్న కొడుక్కే ఇద్దామనుకున్నం. మేనరికం చేస్తే పుట్టే పిల్లలకు ఈ జబ్బు వస్తదా? ఈ రిపోర్టు చూసి చెప్పండి” అని తల్లి అడిగింది.

జబ్బు నడిచిన తీరు ఇది. 19వ ఏట, ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో మూడు నెలల డిప్రెషన్. రోజుకు 14 గంటలు నిద్ర, కాళ్లూ చేతులూ సీసంలా బరువు, కాలేజీకి వెళ్లడం మానేసింది. వైద్యం ఏమీ లేకుండానే తగ్గింది. 22వ ఏట, ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండో విడత. ఒక జనరల్ డాక్టర్ యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ తగ్గించే మందు) అయిన ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, రెండు వారాలకు 20 చేశారు. నాలుగో వారానికి నిద్ర మూడు గంటలకు పడిపోయింది. ఇంట్లోవాళ్లు ‘పిల్ల కోలుకుంది, హుషారుగా ఉంది’ అనుకున్నారు. మరో పది రోజుల్లో క్రెడిట్ కార్డు మీద 1,80,000 రూపాయలు ఖర్చయ్యాయి, మేనేజరుకు అర్ధరాత్రి రాజీనామా మెయిల్ వెళ్లింది, శంకర్‌పల్లి దగ్గర ప్లాటుకు అడ్వాన్సు కట్టేసింది.

ఇంకోచోట చూపిస్తే మేనియా అని సరిగ్గానే గుర్తించారు. వాల్‌ప్రోయేట్ 1000 మిల్లీగ్రాములు, రాత్రికి ఓలాంజపిన్ 10 ఇచ్చారు. అయితే ‘మళ్లీ డిప్రెషన్ రాకుండా’ ఎస్సిటలోప్రామ్ కూడా కొనసాగించారు. మా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది వారాలు గడిచాయి. బరువు 6 కిలోలు పెరిగింది, నిద్ర ఐదు గంటలు, మేనియా తీవ్రతను కొలిచే యంగ్ స్కేలులో 60కి 18. మంట మీద నీళ్లు పోస్తూ పక్కనుంచి కట్టెలు ఎగదోస్తే మంట ఎలా ఆరదో, యాంటీడిప్రెసెంట్ ఆపకుండా మేనియాకు మందిచ్చినా అలాగే సగం సగం రగులుతూ ఉంటుంది. మొదటి రోజే ఎస్సిటలోప్రామ్ ఆపించాం.

ఎడతెగని ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ముందు వంశవృక్షం గీశాం. ఈ కేసులో ఆ తర్వాత తీసుకున్న ప్రతి ముఖ్య నిర్ణయానికీ ఆ కాగితమే ఆధారం.

వంశవృక్షం తీసిన తీరు

ఒక ఏ4 కాగితం అడ్డంగా, పెన్సిలు, రబ్బరు చాలు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, జబ్బు ఉన్నవారికి నింపిన గుర్తు, చనిపోయినవారికి అడ్డగీత, చికిత్సకు వచ్చిన వ్యక్తికి బాణం, రక్త సంబంధంలో పెళ్లికి జంట గీత. మూడు తరాలు తప్పనిసరి. ప్రతి గుర్తు కింద మూడు సంగతులు రాస్తాం: జబ్బు మొదలైన వయసు, ఏ మందుకు తగ్గింది, చనిపోయి ఉంటే ఎలా. మొదటిసారి 40 నిమిషాలు పడుతుంది. రెండోసారి ఇంకో బంధువును కూర్చోబెట్టి సరిచూడాలి. ఒకే సిట్టింగులో పూర్తయిన వంశవృక్షాన్ని నమ్మకూడదు.

‘మీ ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా?’ అని అడిగితే నూటికి తొంభై ఇళ్లలో ‘లేదండీ’ అనే జవాబొస్తుంది. ఈ ఊళ్లో ‘ఎర్రగడ్డ’ అనేది ఇప్పటికీ తిట్టు. అక్కడున్నది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, ఎందరినో బాగుచేసి ఇంటికి పంపిన ఆసుపత్రి అని చెప్పినా ఆ భయం పోదు. అందుకే జబ్బు పేరుతో అడగం, జరిగిన పనులతో అడుగుతాం. ఎవరైనా వారం పది రోజులు నిద్ర లేకుండా అలుపు లేకుండా తిరిగారా? ఉన్నట్టుండి పొలం అమ్మేయడం, అందరికీ డబ్బులు పంచడం చేశారా? ఇల్లు వదిలి వెళ్లిపోయి నెలల తర్వాత తిరిగొచ్చారా? బాలింతగా ఉన్నప్పుడు ఎవరైనా తేడాగా మాట్లాడారా, బిడ్డను దగ్గరికి తీసుకోలేదా? ఎవరికైనా కరెంటు పెట్టించారా? పురుగుల మందు, బావి, రైలు పట్టాలు, ఇలాంటి చావులున్నాయా? ‘గాలి సోకింది’, ‘చేతబడి చేశారు’, ‘నరాల బలహీనత’ అని ఏ దర్గాకో, గుడికో, నాటువైద్యుడి దగ్గరికో తీసుకెళ్లిన వాళ్లున్నారా? ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే విపరీతంగా తాగి, మిగతా నెలలు ముట్టనివాళ్లున్నారా? ఈ చివరి ప్రశ్న చాలామంది వదిలేస్తారు. నిజానికి అలా విడతలు విడతలుగా నడిచే తాగుడు వెనక తరచూ మూడ్ జబ్బే ఉంటుంది.

బంధుత్వాలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి అడగాలి: పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, పెద్దమ్మ, పిన్ని, మేనమామ, ఇరువైపుల తాతలు, నానమ్మ, అమ్మమ్మ. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మన ఇళ్లలో పెదనాన్న కొడుకూ అన్నయ్యే, పెద్దమ్మ కూతురూ అక్కే. ‘మా అన్నయ్యకు ఉండేది’ అంటే అది సొంత అన్న అనుకుని గీస్తే, సగం జన్యువులు పంచుకునే బంధువు స్థానంలో ఎనిమిదో వంతు పంచుకునే బంధువును కూర్చోబెట్టినట్టు. రిస్కు లెక్కంతా తలకిందులవుతుంది. ప్రతి అన్నకూ అక్కకూ ‘ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లేనా?’ అని అడగక తప్పదు.

మొదటి సిట్టింగులో దొరికింది తక్కువే. తండ్రి వైపు పెదనాన్నకు రోజూ తాగే అలవాటు, అంతే. తల్లి వైపు ఏమీ లేదన్నారు. అమ్మమ్మ భర్త, అంటే తాతయ్య సంగతి అడిగితే ‘కాలుజారి బావిలో పడ్డాడు, 41 ఏళ్లకే పోయాడు’ అని తల్లి చెప్పింది.

రెండోసారి అమ్మమ్మను తీసుకురమ్మన్నాం. కూతుర్ని బయట కూర్చోబెట్టి ఆమెతో విడిగా మాట్లాడాం. “మంచోడే బిడ్డా. ఏడాదికోపాలి గట్లయితుండె. నెలరోజులు నిద్రపోకపోతుండె, కనబడ్డోళ్లకల్లా పైసలిస్తుండె. తర్వాత మూడు నెలలు మంచం దిగకపోతుండె. బాయిల పడ్డడని అందరికి చెప్పినం” అంది. ఆమె చెప్పిన మరో సంగతి చిన్న కూతురు గురించి. మొదటి కాన్పు అయిన అయిదో రోజు నుంచి నిద్ర లేదు, బిడ్డ తనది కాదంది, నెలన్నర దాకా మనిషి కాలేదు. రెండో కాన్పుకూ అదే జరిగింది. ఇంట్లో దానికి పెట్టిన పేరు గాలి.

మేనమామ తనంతట తానే మూడోసారి ఒంటరిగా వచ్చాడు. జేబులోంచి విటమిన్ మాత్రల ప్లాస్టిక్ డబ్బా తీశాడు. అందులో ఉన్నవి స్ట్రిప్పుల్లోంచి ఒలిచి పోసుకున్న, బైపోలార్‌ను అదుపులో ఉంచే లిథియం మాత్రలు. పేరు కనబడకూడదని ఇరవై ఏళ్లుగా అలాగే దాచుకుంటున్నాడు. 28వ ఏట మేనియా, 30వ ఏట మరోసారి, లిథియం మొదలుపెట్టాక ఇంకో విడత లేదు. ఆరు నెలలకోసారి రక్తపరీక్షకు వెళ్తే ఇంట్లో షుగర్ పరీక్ష అని చెప్తాడు. పెళ్లికొడుకు ఈయన కొడుకే.

ఈ సమాచారం ఆయనది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 23వ సెక్షన్ రోగి గోప్యతను హక్కుగా చెప్తుంది. మేనకోడలి వైద్యానికి ఎంత పనికొచ్చినా, ఆయన ఒప్పుకోకుండా చెల్లెలికి చెప్పడానికి వీల్లేదు. ఆయన కోడలు కావలసిన పిల్ల ఏ మందు వాడాలన్నది ఈ డబ్బా మీద కొంత ఆధారపడి ఉందని వివరించాం. చెల్లెలికి, మేనకోడలికి చెప్పడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. కొడుక్కి తానే చెప్పుకుంటానన్నాడు, వారం తర్వాత చెప్పాడు.

జీన్ రిపోర్టు ఎందుకు పక్కన పెట్టాం

రిపోర్టులో ఎర్రగీత పెట్టింది సీఏసీఎన్ఏ1సీ అనే జన్యువులోని ఒక తేడాకు. నరకణాల్లోకి కాల్షియం వెళ్లే ద్వారాన్ని తయారుచేసే జన్యువు అది. దీనికి, ఏఎన్‌కే3 అనే మరో జన్యువుకు బైపోలార్‌తో సంబంధం ఉందని 2008 నుంచి తెలుసు. సంబంధం నిజమే. కానీ ఆ తేడా ఉన్నవాళ్లు జనాభాలో కోట్లమంది, దానివల్ల పెరిగే రిస్కు 20 శాతం లోపే. అంటే నూటికి ఒకరికి వచ్చే జబ్బు అలాంటివాళ్లలో నూటికి 1.2 మందికి రావచ్చు. ‘అధిక రిస్కు’ అన్న మాటకు ఆధారం అంతమాత్రమే.

బైపోలార్‌లో వారసత్వం పాత్ర బలమైనదే, ఇందులో సందేహం లేదు. కవలల అధ్యయనాల్లో వారసత్వ భాగం 60 నుంచి 85 శాతం దాకా తేలింది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం 40 నుంచి 70 శాతం. అయితే ఆ బరువంతా ఒక్క జన్యువు మీద లేదు. 1987లో అమెరికాలోని అమిష్ కుటుంబాల్లో 11వ క్రోమోజోము మీద బైపోలార్ జన్యువు జాడ దొరికిందని ప్రకటించారు. 1989లో అదే వంశంలో కొత్తగా జబ్బుపడ్డవాళ్లను కలిపి మళ్లీ లెక్కిస్తే ఆ ఆధారం నిలవలేదు. ఒక జన్యువు కోసం వెతుకులాట వీగిపోయిన చోట వేలాది జన్యువుల లెక్క మొదలైంది. 2021లో 41,917 మంది బాధితుల విశ్లేషణలో జీనోములో 64 చోట్లు దొరికాయి. 2025లో 1,58,036 మందితో చేస్తే 298కి పెరిగాయి. ఒక్కో చోటు ప్రభావం ఆవగింజంత. అరుదుగా కనబడే బలమైన మార్పుల్లో ఏకేఏపీ11 అనే జన్యువు ముందు వరుసలో ఉంది. లిథియం అదుపు చేసే జీఎస్‌కే3బి ఎంజైముతో దాని ప్రొటీను కలిసి పనిచేస్తుంది. ఇక్కడి నుంచి కొత్త మందు దారి దొరుకుతుందేమోనన్న ఆశ మాకూ ఉంది. క్లినిక్కులో ఈరోజు చేయించదగ్గ పరీక్షగా మాత్రం అది ఇంకా రాలేదు.

ఈ ఆవగింజలన్నిటినీ కూడి ఇచ్చే పాలిజెనిక్ స్కోరు కూడా, దాన్ని తయారుచేసిన ఐరోపా జనాభాలోనే జబ్బు తేడాల్లో సుమారు 5-6 శాతాన్నే వివరించగలుగుతోంది. 2025 విశ్లేషణలో ఐరోపా, తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో మూలాలవాళ్లున్నారు. దక్షిణాసియా వాళ్లు ప్రత్యేక వర్గంగా లేరు. తెలుగువాళ్ల మీద ఆ స్కోరును వాడి ఒక ఆడపిల్ల పెళ్లి గురించి మాట్లాడటం తప్పు. తండ్రికో తల్లికో జబ్బు ఉందన్న ఒక్క వాక్యం ఆ రిపోర్టు మొత్తంకంటే ఎక్కువ సమాచారం ఇస్తుంది: సాధారణంగా 1 శాతం దగ్గరుండే రిస్కు, తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఒకరికి జబ్బు ఉంటే 5 నుంచి 10 శాతానికి పెరుగుతుంది.

జన్యు పరీక్షలు ఎప్పుడూ దండగే అని కాదు. మేనియాకు వాడే మరో మందు కార్బమజిపిన్ మొదలుపెట్టే ముందు హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 అనే జన్యు రకం ఉందేమో చూడాలి. అది ఉన్నవాళ్లకు చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ ప్రమాదం. పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక, బుద్ధిమాంద్యం తోడుంటే 22క్యూ11 డిలీషన్ (22వ క్రోమోజోములో ఒక ముక్క లేకపోవడం) కోసం క్రోమోజోమల్ మైక్రోఅర్రే పంపుతాం. మైటోకాండ్రియా జబ్బు లక్షణాలుంటే వాల్‌ప్రోయేట్‌కు ముందు పీవోఎల్‌జీ పరీక్ష. మేనరికపు దంపతులకు పుట్టిన కుర్రాడికి మేనియాతో పాటు చేతుల వణుకు, మాట ముద్దగా రావడం, పాత కామెర్లు ఉంటే ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కాదని తేల్చుకోవాలి. సెరులోప్లాస్మిన్ పరీక్ష, కంటి డాక్టరు చేత కార్నియా అంచున రాగి వలయం చూపించడంతో మొదలుపెట్టాలి.

హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లు మరవకూడనిది ఇంకోటుంది. ఈసీటీ (మత్తు ఇచ్చి మెదడుకు కరెంటు పెట్టే చికిత్స) ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ వాడతారు. దాన్ని విరగ్గొట్టే సూడోకోలినెస్టరేజ్ ఎంజైము లోపం వైశ్య సమాజంలో మిగతావారికంటే చాలా ఎక్కువ. తరతరాలుగా లోపలి పెళ్లిళ్ల వల్ల పాత మార్పు ఒకటి అలా పేరుకుపోయింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 అధ్యయనం ఈ ఉదాహరణనే ఎత్తిచూపింది. అలాంటి మనిషికి మామూలు మోతాదిస్తే నిమిషాల్లో తిరిగి రావలసిన ఊపిరి గంటలదాకా రాదు. ఈసీటీకి ముందు అనస్థీషియా డాక్టరుకు ఆ కుటుంబ చరిత్ర చెప్పి, రక్తంలో ఆ ఎంజైము స్థాయి చూపిస్తే ప్రమాదం తప్పుతుంది.

మందు మార్పు

వంశవృక్షం చేతికొచ్చాక మందు ఎంపిక తేలికైంది. 23 ఏళ్ల అమ్మాయి, పెళ్లి మాటలు నడుస్తున్నాయి, వాడుతున్నది వాల్‌ప్రోయేట్. గర్భంలో ఆ మందు తగిలిన బిడ్డల్లో సుమారు 10 శాతానికి పెద్ద అవయవలోపాలు, 30-40 శాతానికి ఎదుగుదల, చదువు, మాట సమస్యలు వస్తాయి. తల్లికి బైపోలార్ ఉన్నందుకు బిడ్డకు అదే జబ్బు వచ్చే అవకాశం ఈ మొత్తం ప్రమాదంకంటే చాలా తక్కువ. కుటుంబం భయపడాల్సింది మేనరికానికంటే ముందు చేతిలో ఉన్న స్ట్రిప్పుకు. ఈ మాట వాళ్లకు అంకెలతో సహా చెప్పాం.

మరోవైపు మేనమామ లిథియంతో ఇరవై ఏళ్లు నిలబడ్డాడు. లిథియం బాగా పనిచేయడమనేది కుటుంబాల్లో నడిచే గుణం. విడతల మధ్య పూర్తిగా మామూలుగా ఉండటం, దగ్గరి బంధువుకు అదే మందు పనిచేయడం, లిథియం పనిచేస్తుందనడానికి ఇవి మంచి సూచనలు, ఈ రెండూ ఈ అమ్మాయిలో ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు మూత్రంలో గర్భ పరీక్ష, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాల్షియం, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, బరువు చూశాం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. రాత్రి భోజనం తర్వాత ఒకేసారి లిథియం కార్బొనేట్ 600 మిల్లీగ్రాములు. ఏడో రోజు స్థాయి 0.52. మోతాదు 900కి పెంచాక మరో వారానికి 0.76. మెయింటెనెన్స్‌కు మేం కోరుకునేది లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్. లిథియం స్థాయి కుదిరాకే వాల్‌ప్రోయేట్ వారానికి 250 చొప్పున తగ్గించి నాలుగు వారాల్లో ఆపాం. ఒక్కసారిగా ఆపితే మేనియా తిరగబెట్టొచ్చు. ఓలాంజపిన్ మూడు నెలలపాటు మెల్లగా తగ్గించాం. వాల్‌ప్రోయేట్ పూర్తిగా పోయేదాకా గర్భం రాకుండా జాగ్రత్త అవసరమని ఆమెకు విడిగా, తల్లి లేనప్పుడు చెప్పాం.

లిథియం పరీక్షలో తప్పులు ఎక్కడ జరుగుతాయో ముందే కాగితం మీద రాసిస్తాం. చివరి మోతాదు తర్వాత సరిగ్గా 12 గంటలకు రక్తం తీయాలి. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే ఉదయం తొమ్మిదికి. మధ్యాహ్నం పన్నెండుకు నింపాదిగా ల్యాబుకు వెళ్తే అంకె తక్కువగా వస్తుంది, అది చూసి మోతాదు పెంచితే ప్రమాదం. రెండు పూటలా వేసుకునేవాళ్లు ఉదయం మాత్ర మింగి వెళ్లి రక్తం ఇస్తే అంకె ఎక్కువగా వస్తుంది. ఇక ఆకుపచ్చ మూత ట్యూబుల్లో కొన్నింటి లోపల పూత లిథియం హెపారినే. అందులో రక్తం తీస్తే మాత్ర వేసుకోనివాడిక్కూడా లిథియం ఉన్నట్టు వస్తుంది. సీరం ట్యూబులోనే తీయమని చీటీ మీద రాస్తే గొడవ ఉండదు.

ఎండాకాలం ఇంకో గండం. మే నెలలో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటినప్పుడు చెమటతో ఉప్పూ నీరూ పోతే కిడ్నీ లిథియంను పట్టి ఉంచేస్తుంది. విరేచనాలు, వాంతులు పట్టుకున్నా అంతే. బీపీ ఉందని పత్యంగా ఉప్పు ఒక్కసారిగా మానేసినా అంతే. మోకాలి నొప్పికో నెలసరి నొప్పికో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా స్థాయిని పెంచుతాయి. పారాసిటమాల్ వాడుకోవచ్చు. చేతులు పెద్దగా వణకడం, నడక తూలడం, మాట తడబడటం, వాంతులు మొదలైతే ఆ పూట మాత్ర ఆపి అదే రోజు పరీక్షకు రావాలి. రోజా ఉండేవాళ్లకు మోతాదు ఇఫ్తార్ తర్వాతకు మార్చి, సహరీ దాకా నీళ్లు బాగా తాగమంటాం. రంజాన్‌కు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి స్థాయి చూస్తాం.

ఆరు వారాలకు యంగ్ స్కేలు 4కి దిగింది, నిద్ర ఏడున్నర గంటలకు చేరింది. రాత్రి షిఫ్టు మీద మేం రాజీపడలేదు. నిద్ర తెగడం బైపోలార్ ఉన్న మనిషికి మందు మానేయడమంత హాని చేస్తుంది. ‘వైద్య కారణాలవల్ల పగటి షిఫ్టు అవసరం’ అని మాత్రమే రాసి, జబ్బు పేరు లేకుండా హెచ్‌ఆర్‌కు లేఖ ఇచ్చాం. పగటి ప్రాజెక్టులోకి మార్చారు.

పెళ్లి ప్రశ్నకు ఇచ్చిన జవాబు

అమ్మాయి స్థిమితపడ్డాకే ఈ సంగతి ఎత్తుకున్నాం. మేనియాలో ఉన్న మనిషి పెళ్లికి ఒప్పుకున్నా వద్దన్నా ఆ మాటకు విలువ కట్టలేం. విడిగా మాట్లాడినప్పుడు బావ అంటే అభ్యంతరం లేదంది. జబ్బు సంగతి అతనికి చెప్పకుండా చేస్తారేమోనని మాత్రమే భయపడింది. ఆ భయం న్యాయమైనదే. ఇలాంటి సంగతి దాచి చేసిన పెళ్లిని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద మోసమని కోర్టులో సవాలు చేసే వీలుంది. దానికంటే ముఖ్యంగా, దాచిన ఇంట్లో మాత్రలు దాచుకుని మింగాలి, ఏదో ఒకరోజు మానేయాలి.

ఇద్దర్నీ కూర్చోబెట్టి వంశవృక్షాన్ని బల్ల మీద పరిచాం. ఇక్కడ రెండు రిస్కులు కలగాపులగం అవుతుంటాయి, విడదీసి చెప్పాలి.

మొదటిది మేనరికం రిస్కు. మేనబావ మరదళ్లు జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు. మేనమామను చేసుకుంటే అది నాలుగో వంతు. ఇద్దరిలో నిద్రపోతున్న ఒకే రిసెసివ్ లోపం (తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే జబ్బుగా బయటపడేది) బిడ్డలో కలుసుకోవడం దీని ప్రమాదం. ఏ దంపతులకైనా ఉండే 2-3 శాతం పుట్టుకలోపాల మీద, మేనబావ మరదళ్లకు సుమారుగా మరో 2-3 శాతం చేరుతుంది. బైపోలార్ అలాంటి ఒంటరి రిసెసివ్ లోపంతో వచ్చే జబ్బు కాదు. అందుకే మేనరికం అన్న ఒక్క కారణంతో బైపోలార్ వస్తుందని చెప్పలేం. థలసీమియా కోసం ఇద్దరికీ హెచ్‌బీఏ2 పరీక్ష చేయించాం, ఇద్దరిలోనూ లేదు. మరింత లోతైన క్యారియర్ పరీక్ష కావాలంటే జెనెటిక్స్ విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లమన్నాం.

రెండోది రెండు వైపులా ఒకే జబ్బు ఉండటం. ఇది బయటి సంబంధమైనా వర్తిస్తుంది. మేనరికంలో అయితే అది ఒకే తాత నుంచి రెండు దారుల్లో వస్తుంది. 2010లో వెలువడ్డ డెన్మార్క్ అధ్యయనంలో ఆసుపత్రిలో చేరేంత బైపోలార్ లెక్క ఇది: తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకపోతే పిల్లల్లో 0.48 శాతం, ఒకరికి ఉంటే 4.4 శాతం, ఇద్దరికీ ఉంటే దాదాపు 25 శాతం. ఈ జంటలో అమ్మాయికి జబ్బు ఉంది. అబ్బాయికి 27 ఏళ్లు, ఇప్పటిదాకా ఏమీ లేదు, తండ్రికి ఉంది. జబ్బు ఎక్కువగా మొదలయ్యే 15-25 ఏళ్ల వయసు అతను దాటాడు. కాబట్టి వీళ్ల పిల్లల రిస్కు ఒకరికి ఉన్న అంకె కంటే పైన, ఇద్దరికీ ఉన్న అంకెకు చాలా కింద. ఇంతకంటే సన్నటి అంకె ఎవరైనా చెప్తే నమ్మొద్దన్నాం. నూరుమంది పిల్లల్లో తొంభైకి అటూఇటుగా ఈ జబ్బు లేకుండానే పెరుగుతారు. ఇంట్లో షుగరు ఉందని పిల్లల్ని కనడం ఎవరూ మానరు కదా అని తండ్రి అన్నాడు. ఆ పోలిక పూర్తిగా సరిపోదుగానీ, అక్కడున్నవాళ్లందరి భుజాలు కాస్త దిగాయి. చేసుకోవాలా వద్దా అన్నది వాళ్లిద్దరి నిర్ణయమని చెప్పి ఆగిపోయాం. చేసుకోమని గానీ మానమని గానీ చెప్పే పని డాక్టరుది కాదు. ఏడాదిపాటు విడత లేకుండా గడిచాక నిశ్చయం చేసుకుందామని వాళ్లే అనుకున్నారు.

పిన్ని సంగతి ఇక్కడే బల్ల మీదికి వచ్చింది. తల్లికో అక్కచెల్లెళ్లకో ప్రసవం తర్వాత సైకోసిస్ (నిజానికీ భ్రమకూ తేడా తెలియని స్థితి) వచ్చిన చరిత్ర ఉన్న బైపోలార్ స్త్రీలకు ప్రసవానంతరం అదే ప్రమాదం సగానికి మించి ఉంటుంది. పిన్ని అంత దగ్గరి బంధువు కాదు కాబట్టి ఆ అంకె యథాతథంగా వాడం. అయినా కేస్ షీటు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాసి పెట్టాం. గర్భం వస్తే చేయవలసింది ఇప్పుడే రాసిచ్చాం. లిథియంను సొంతంగా ఆపకూడదు. మొదటి మూడు నెలల్లో లిథియం వాడితే బిడ్డ గుండెలోపం రిస్కు నూటికి ఒకటి నుంచి రెండున్నర లోపు దాకా పెరుగుతుంది, రోజుకు 900 దాటితే ఇంకా ఎక్కువ. ఆపితే తల్లికి తిరగబెట్టే ప్రమాదం దీనికంటే చాలా పెద్దది. మోతాదు వీలైనంత తగ్గించుకుని, టిఫా స్కానుతో పాటు బిడ్డ గుండెకు ఫీటల్ ఎకో చేయించుకోవాలి. గర్భంలో కిడ్నీలు వేగంగా పనిచేయడంవల్ల స్థాయి పడిపోతుంది కాబట్టి నెలనెలా, చివరి నెలలో వారంవారం పరీక్ష. పురుడు పుట్టింట్లో పోసుకున్నా మొదటి రెండు వారాలు రాత్రిపూట బిడ్డను ఇంకొకరు చూసుకోవాలి, తల్లి ఆరు గంటలు ఏకబిగిన నిద్రపోవాలి. అమ్మమ్మ ఈ పనికి తానుంటానంది.

తమ్ముడు

అమ్మాయి తమ్ముడికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం, ఒకే తల్లి బిడ్డ. ‘వాడికీ జీన్ టెస్టు చేయిద్దామా?’ అని తండ్రి అడిగాడు. వద్దన్నాం. అతని రిస్కు 5 నుంచి 10 శాతం, ఆ అంకెను మార్చే పరీక్ష ప్రస్తుతం లేదు. ముందు జాగ్రత్తగా మందు వేయడం కూడా లేదు.

చూస్తూ ఉండాల్సింది మాత్రం ఉంది. ఇలాంటి కుటుంబాల పిల్లల్లో మేనియా ఒక్కసారిగా ఊడిపడదు. ముందు నిద్ర తేడాలు, ఆందోళన, తర్వాత డిప్రెషన్, ఆ తర్వాత ఏళ్లకు మేనియా రావడం తరచూ కనబడే వరస. పరీక్షల ముందు నిద్ర తగ్గితే అలసిపోయే పిల్లవాడి గురించి కంగారు అక్కర్లేదు. నాలుగు గంటలే పడుకుని మర్నాడు అలుపెరగకుండా, మాటలు ఆగకుండా నాలుగు రోజులు గడిపితే ఫోన్ చేయమన్నాం. గంజాయి జోలికి పోవద్దని అతనికే నేరుగా చెప్పాం, తల్లిదండ్రుల చేత చెప్పించలేదు. ఎప్పుడైనా దిగులుతో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ‘మా అక్కకు బైపోలార్ ఉంది’ అన్న మాట ముందుగా చెప్పాలని, అది చెప్తే ఒంటరిగా యాంటీడిప్రెసెంట్ ఇచ్చే పొరపాటు జరగదని వివరించాం. ఆ వాక్యం ఫోన్లో రాసుకున్నాడు. దాని కిందే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 కూడా.